మూడు ఇంచులు, ఎక్కడి నుంచి?

“నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా నీకు? ఒక్క మాటేగా!” అన్నారు మా ఆయన, పెరటి గుమ్మంలో నిలబడి.

నేను షాపు బట్టలు ఉతుకుతున్నాను. గ్రీజు పట్టిన ప్యాంట్లకు ముందు కిరోసిన్ రాసి, బ్రష్షుతో గీకి, ఆ తర్వాత సబ్బు పెట్టాలి. ఆయనవి, మా మరిదివి, ఇద్దరు మెకానిక్కులవి, అన్నీ నా చేతుల మీదుగానే పోవాలి. ఇంట్లో వాషింగ్ మెషీన్ లేక కాదు. గ్రీజు బట్టలు వేస్తే మెషీన్ పాడైపోతుందని మా అత్తగారు అది కొన్న రోజునే తేల్చేశారు. నా వేళ్ళ సందుల్లో చర్మం చీలి మండుతోందంటే మాత్రం, “గ్లౌజులు తొడుక్కోవచ్చుగా, ఎవరొద్దన్నారు?” అంటారు. నిజమే, ఎవరూ వద్దనలేదు.

ఆయన అడిగే ఆ ఒక్క మాట ఏమిటంటే, “తప్పు నాదే.” ఈ మధ్యాహ్నం ఒక కస్టమరు షాపుకు వస్తున్నారు. ఆవిడ సర్వేయరు, కొండల్లో కొత్త రోడ్లు వేసేచోట కొలతలు తీస్తారు. మా షాపులో పని చేయించుకున్న ఆవిడ బండి వాలులో బ్రేకు పట్టక వెనక్కి జారి, బండరాతికి గుద్దుకుని ఆగింది. మణికట్టు విరిగింది. ఆ బండరాయి లేకపోతే కింద లోయే. ఇప్పుడు ఆవిడ ఎదురుగా నిలబడి, కొలత తప్పు చెప్పింది నేనేనని ఒప్పుకోవాలట. నేను చెప్పిన కొలత తప్పు కాదు. నేను చెబితే వీళ్ళు వినలేదు.

“తప్పు నాదే” అనడం నాకు కొత్తేమీ కాదు. పాలు పొంగిపోతే నాదే. మరిది పొద్దెక్కేదాకా పడుకుంటే, లేపనందుకు నాదే. మా పాపకు లెక్కల్లో మార్కులు తగ్గితే నాదే, ఎక్కువొస్తే వాళ్ళ నాన్న పోలిక. పెళ్ళయిన కొత్తలో వాదించేదాన్ని. తర్వాత తెలిసింది, ఆ రెండు ముక్కలు అనేస్తే చాలు, అందరూ ఎవరి పని మీద వాళ్ళు వెళ్ళిపోతారు, ఇల్లు చల్లబడుతుంది. ఇల్లు చల్లగా ఉంటే చాలనుకున్నాను. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అనుంటానో! అలాంటిది ఈ ఒక్కసారికి ఎందుకు గొంతులో అడ్డం పడుతోందో చెప్పాలంటే, ముందు మా షాపు సంగతి చెప్పాలి.

మాది బండ్లను ఎత్తు చేసే షాపు. రాళ్ళలో, బురదలో, కొండదారుల్లో తిరిగే పెద్ద బండ్లుంటాయి కదా, వాటి పొట్టకు రాయి తగలకుండా బాడీని చక్రాల మీద ఇంకాస్త పైకి లేపుతాం. పాత స్ప్రింగులు తీసి పొడవైనవి వేస్తాం. వాటికి తగ్గ షాకబ్జార్బర్లు, బ్రేకు పైపులు అన్నీ కలిపి ఒక డబ్బాలో వస్తాయి, దాన్నే లిఫ్ట్ కిట్టు అంటారు. ఊళ్ళో మా ఆయనకు ‘లిఫ్ట్ మాస్టారు’ అని పేరు. ఫిట్టింగు లైసెన్సు మా మరిది పేరు మీద ఉంది. కొలతలు మాత్రం నావి. పెళ్ళికి ముందు నేను వాహనాల తనిఖీ కేంద్రంలో ఉద్యోగం చేశాను. లారీల ఎత్తు, పొడవు కొలిచేదాన్ని. నేను ఎక్కువుందంటే ఎక్కువున్నట్టే, డ్రైవర్లు నసుగుతూనే లోడు దించుకునేవారు. పెళ్ళయ్యాక, “కొన్నాళ్ళు షాపులో సాయం చెయ్యి, నిలదొక్కుకున్నాక నీ ఉద్యోగం నువ్వు చూసుకుందువుగాని” అన్నారు. షాపు నిలదొక్కుకుంది, పెరిగింది, బోర్డు మీద లైట్లు కూడా వచ్చాయి. ఆ కొన్నాళ్ళు మాత్రం ఇంకా పూర్తవలేదు.

బండి లోపలికి రాగానే నేను మోకాళ్ళ మీద కూర్చుని, చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పెట్టి కొలుస్తాను. నాలుగు మూలలా. పనికి ముందొకసారి, పనయ్యాకొకసారి. నేల నుంచి ఎప్పుడూ కొలవను, టైరులో గాలి తగ్గినా ఆ లెక్క మారిపోతుంది. “ఆడదానివి, మగాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని బండి కింద తల దూర్చడమేంటమ్మాయ్” అని మా అత్తగారు మొదట్లో సణిగేవారు. నాకు మాత్రం రోజు మొత్తంలో ఇష్టమైన పని అదొక్కటే. టేపు పెట్టినంతసేపూ నేను ఎవరి భార్యనో, ఎవరి కోడలినో గుర్తుండేది కాదు. అందులో నిజం ఉంది. ఎవరికి కోపమొచ్చినా అంకె మారదు.

ఇక ఆ సర్వేయరమ్మ బండి. ఒకే కంపెనీ, ఒకే బండి మూడు రకాలుగా వస్తుంది: బేస్ మోడల్, మధ్యది, టాప్ మోడల్. సీట్లు, లైట్లు మాత్రమే తేడా అనుకుంటారు జనం. ఎత్తులో కూడా తేడా ఉంటుంది. ఈ బండి టాప్ మోడల్‌కి ఫ్యాక్టరీలోనే కాస్త పొడవు స్ప్రింగులు వేసి పంపుతారు. అంటే పుట్టడమే ఒక ఇంచు ఎత్తుగా పుడుతుంది. కిట్టు డబ్బా మీద ‘మూడు ఇంచులు’ అని ఉంటుంది. ఎక్కడి నుంచి మూడు? బేస్ మోడల్ ఎత్తు నుంచి. పాత స్ప్రింగులు తీసేసి కిట్టులోవి వేస్తే ఏ మోడలైనా చివరికి ఒకే ఎత్తులో నిలబడుతుంది. బేస్ మోడల్ మూడు ఇంచులు లేస్తుంది. టాప్ మోడల్ రెండే లేస్తుంది, ఎందుకంటే ఒకటి దానికి ముందే ఉంది. ఇంతే సంగతి. మా పాపకు చెబితే అర్థమైంది. మా మరిదికి అర్థం కాలేదు.

సర్వేయరమ్మది టాప్ మోడల్. కిట్టు వేశాక నేను కొలిచాను, సరిగ్గా రెండు ఇంచులు లేచింది. మరిది ముఖం మాడిపోయింది. “మూడు అని చెప్పాం వదినా, రెండొచ్చిందేంటి? రేపావిడ టేపు పెట్టి చూస్తే పరువు పోదూ!” అన్నాడు. బండికి ఒక ఇంచు ముందే ఉందని, కిట్టులో బ్రేకు పైపు ఇంత ఎత్తుకే సరిపోయేలా చేశారని, ఇంకా లేపితే చక్రం గుంతలో వేలాడినప్పుడు పైపు సాగి తెగి, బ్రేకు పోతుందని చెప్పాను. మా ఆయన ఫోనులో ఉన్నారు. “ఇచ్చిన మాట ఇచ్చినట్టు ఉండాలి, ఏదో ఒకటి చెయ్యరా” అని తమ్ముడికి సైగ చేశారు. మరిది స్ప్రింగుల మీద ఇంచు మందం బిళ్ళలు పెట్టాడు, షాకబ్జార్బర్లకు ఇంచు ముక్కలు తగిలించాడు. పైపులు మార్చలేదు. “పైపులు మార్చకపోతే ఆ బిళ్ళలు తీసెయ్యండి” అన్నాను మళ్ళీ. “వదినా, మీరు కాస్త టీ పంపించండి, తలనొప్పిగా ఉంది” అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నేను టీ పంపించాను.

పోనీ, ఆ ఒక్క బండితో ఆగాడా? కిట్టులో తక్కువొచ్చిన ఇంచు తాను రాబట్టానని మా మరిదికి ఎంత సంబరమో. ఆ తర్వాత వచ్చిన టాప్ మోడళ్ళు రెండింటికీ అదే చేశాడు. అప్పుడు మా అత్తగారికి మోకాలి నొప్పి ఎక్కువై నేను షాపుకు వెళ్ళడం లేదు. ఈ సంగతి నాకు నిన్ననే తెలిసింది, మాటల్లో మరిది నోరు జారితే.

“ఆ రెండు బండ్ల వాళ్ళకూ ఫోను చెయ్యరా?” అని అడిగాను, ప్యాంటు పిండుతూ.

“ముందు దీన్నుంచి బయటపడనీ. ఆ రెండింటి సంగతి తర్వాత చూద్దాం” అన్నారు ఆయన.

“తర్వాత అంటే? ఇంకో చెయ్యి విరిగాకా?”

“నోటికేదొస్తే అది మాట్లాడకు. వాటికేం కాలేదుగా! ఇప్పుడు ఫోను చేసి పైపులు చిన్నవయ్యాయని చెబితే తప్పు మనదేనని మనమే దండోరా వేసుకున్నట్టు. ఈవిడ దగ్గర ఒక మాట, వాళ్ళ దగ్గర ఒక మాట కుదురుతుందా?”

అదీ అసలు సంగతి. కొలత నేను తప్పు చెప్పానంటే ఇది ఒక్క బండికి జరిగిన పొరపాటు, ఆడమనిషి పొరపాటు. పని చేసే పద్ధతే తప్పంటే, ఆ రెండు బండ్లనూ వెనక్కి పిలవాలి, మరిది లైసెన్సు పోతుంది, బోర్డు మీద లైట్లు ఆరిపోతాయి. నేను ఒప్పుకుంటే ఆ రెండు బండ్లు అలాగే కొండలెక్కుతూ ఉంటాయి. ఒకదాన్లో ఇద్దరు పిల్లలు వెనక సీట్లో కూర్చుని బిస్కెట్లు తింటుంటే కిటికీలోంచి నేనే చూశాను, వాళ్ళు కిట్టు ధర కనుక్కోవడానికి వచ్చినప్పుడు.

ఆయన గుమ్మం దిగొచ్చి, బోర్లించిన బకెట్టు మీద నా ఎదురుగా కూర్చున్నారు. గొంతు తగ్గించారు. “చూడు, వాడికి లైసెన్సు పోతే మనం వీధిన పడతాం. నీకైతే ఏముంది చెప్పు? నీ పేరు ఏ కాగితంలోనూ లేదు. నువ్వు ఉద్యోగివి కాదు, జీతం లేదు, వాటా లేదు. నిన్నెవరూ ఏమీ చెయ్యలేరు. ఇంట్లో మనిషి, ఊరికే కూర్చోలేక చెయ్యి వేసింది, పొరపాటైందంటే ఆవిడ కూడా ఆడమనిషేగా, జాలిపడుతుంది.”

ఆయన భయపడుతున్నారు. ఆ కళ్ళ కింద నలుపు, గడ్డం గీసుకోని ముఖం చూస్తే నాకు జాలేసింది కూడా. కానీ ఆ మాటలు విన్నాక నా చేతుల్లో బ్రష్షు ఆగిపోయింది. ఇన్నేళ్ళూ నా పేరు ఎక్కడా లేకపోవడం మరుపు అనుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు గుర్తొస్తుంది, రాస్తారు అనుకున్నాను. అది ఇలా పనికొస్తుందని నేను ఊహించలేదు. లేని మనిషి మీదకు ఎంత బరువైనా తోసెయ్యొచ్చు, అడిగేవాళ్ళుండరు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

మా అత్తగారు కూడా కర్ర ఊతంతో గుమ్మం దాకా వచ్చారు. “ఆడదానికి మాట పడటం ఒక లెక్కామ్మాయ్? ఒంటికేమైనా అంటుకుంటుందా, దులిపేసుకుంటే పోయె! నేను పడలేదూ? మీ మామయ్య గోడౌను తాళం తీసి వదిలేసి వెళ్ళి సరుకంతా దొంగలపాలు చేస్తే, తాళం వెయ్యడం నేనే మర్చిపోయానని నలుగురిలో చెప్పాను. సంసారం నిలబెట్టాను” అన్నారు. గర్వంగానే మొదలుపెట్టారు. చివరికొచ్చేసరికి గొంతు ఎందుకో సన్నబడింది. “ఆయన పోయేదాకా కూడా ఆ తాళం మాట ఎత్తి నన్నే దెప్పేవాడు. నిజంగా నేనే మర్చిపోయానని నమ్మేశాడు మనిషి” అని, ఇక అక్కడ నిలబడకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ మీద అంతవరకూ ఉన్న కోపం నాకు చాలావరకు పోయింది.

“ఎక్కడో లారీల పక్కన టేపు పట్టుకుని నిలబడేదానివి. నిన్ను ఎక్కడి నుంచి ఎక్కడికి తెచ్చాను! ఊళ్ళో లిఫ్ట్ మాస్టారి భార్య అంటే ఎంత విలువ! ఆ మాత్రం కృతజ్ఞత లేదా నీకు?” అన్నారు ఆయన లేస్తూ.

ఎక్కడి నుంచి? ఆ మాట ఆయన వందసార్లు అన్నారు, నేను వందసార్లు తల దించుకున్నాను. ఆయన దగ్గరికి వచ్చేటప్పటికి నేను నేల మీద ఏమీ లేను. నా కాళ్ళ మీద నేనున్నాను, నా సంపాదన నాకుంది, నా మాటకు లారీలు ఆగేవి. ఆ ఎత్తు నాకు ముందే ఉంది. దాన్ని లెక్కలోంచి తీసేసి, మొత్తం తానే లేపానంటున్నారు. నిజానికి కొలిస్తే లేచిందెంత, తగ్గిందెంత? బట్టలు ఆరేస్తూ ఆ లెక్క వెయ్యబోయాను. తగ్గిందే ఎక్కువ తేలుతుంటే భయమేసి ఆపేశాను.

వంట చేసి, అందరికీ డబ్బాలు కట్టి, మధ్యాహ్నానికి షాపుకు వెళ్ళాను. చెబుతానని అనలేదు, చెప్పనని అనలేదు. నేను ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క మా ఇంట్లో. ఆయన నా కోసం కుర్చీ కూడా వేయించారు. షాపులో నాకు కుర్చీ వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

సర్వేయరమ్మ ఒక్కరే వచ్చారు. నా వయసే ఉంటుంది. ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు, ఎండకు నల్లబడిన ముఖం. కూర్చోమంటే కూర్చోలేదు. “నాకు జాలి మాటలొద్దు. ఏం జరిగిందో చెప్పండి” అన్నారు.

మా ఆయన మొదలుపెట్టారు. “మా ఆవిడండీ. ఇంట్లో తోచక అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటుంది. సరదాకి టేపు పట్టుకుని కొలుస్తూ ఉంటుంది. ఆ రోజు కాస్త అటూ ఇటూ కొలత చెప్పేసరికి, మావాడు దాన్నిబట్టి...” అని నా వైపు చూశారు. మరిది నేల చూపులు చూస్తున్నాడు. ఇద్దరూ నేను అనాల్సిన రెండు ముక్కల కోసం ఆగారు.

సర్వేయరమ్మ నా వైపు తిరిగారు. జాలీ లేదు, కోపమూ లేదు. కొలతల మనిషి కదా, తన పనిలో తోటివాళ్ళను అడిగినట్టే అడిగారు. “ఎక్కడి నుంచి కొలిచారు?”

ఇన్నేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ఎంత వచ్చిందనే అడుగుతారు అందరూ.

“చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచుకండీ” అన్నాను. “నాలుగు మూలలా కొలిచాను. పనికి ముందు, పనయ్యాక.”

“ఎంత లేచింది?”

“రెండు ఇంచులు. మీది టాప్ మోడల్, రెండే లేవాలి. ఒకటి కంపెనీ నుంచే వచ్చింది.”

“మరి నా బండి మూడు లేచి ఉందే?”

మా ఆయన దగ్గారు. నన్ను పేరు పెట్టి పిలిచారు, ఇంట్లో ఎప్పుడూ పిలవని మెత్తటి గొంతుతో. ఆ రెండు ముక్కలు అలవాటుగా నాలుక చివరి దాకా వచ్చాయి. దేవుడా, ఎంత అలవాటైపోయాయో! వాటిని మింగి, మిగతాది చెప్పాను. బిళ్ళలు, ముక్కలు, మార్చని బ్రేకు పైపు. “తీసెయ్యమని రెండుసార్లు చెప్పానండీ. టీ పంపమన్నారు.”

మరిది పానా బల్ల మీద పడేసి బయటికి వెళ్ళిపోయాడు. ఆవిడ నన్ను మెచ్చుకుంటారని నేను అనుకోలేదు, మెచ్చుకోలేదు కూడా. కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, “మీకు తెలుసు. తెలిసి, నాకు ఒక్క ఫోను చెయ్యలేకపోయారా?” అన్నారు. “ఆ లోయ నేను చూశానండీ, తలుపు తెరిస్తే కిందంతా ఖాళీయే.”

ఆయన షాపు, ఆయన కస్టమరు, ఆయన ఫోను అని చెప్పొచ్చు. నిజమే అది. అయినా ఆ చెయ్యి ఎదురుగా ఉండగా నాకు ఆ నిజం చెప్పబుద్ధి కాలేదు. సిగ్గేసింది, చాలా సిగ్గేసింది. లేచి కౌంటరు దగ్గరికి వెళ్ళాను. షాపు ఫోనులో ఆ రెండు బండ్ల వాళ్ళ నంబర్లున్నాయి.

“ఏం చేస్తున్నావ్? ఫోను పెట్టెయ్” అన్నారు ఆయన. దగ్గరికొచ్చి, సర్వేయరమ్మకు వినపడకుండా పళ్ళ బిగువున, “ఇవాళ ఇంటికి రావాలని ఉందా లేదా నీకు?” అన్నారు.

ఇంట్లో మా పాప ఉంది, బడి నుంచి వచ్చే వేళ. మా అత్తగారికి మందులివ్వాలి. ఇదంతా గుర్తొచ్చింది. గుర్తొస్తూనే, పిల్లలున్న బండి నంబరు నొక్కాను. రింగయింది. అవతల గాలి హోరు, ఇంజను చప్పుడు, వెనకాల పిల్లలు కీచులాడుకోవడం. బండి ఎక్కడో కొండ ఎక్కుతోంది.

“హలో, ఎవరు మాట్లాడేది?” అన్నాడు ఆ తండ్రి.

“లిఫ్టు షాపు నుంచండీ. మీ బండిలో ఒక ఇబ్బంది ఉంది, వెంటనే...”

“డ్రైవింగులో ఉన్నానండీ. మాస్టారు లేరా అక్కడ? ఏదైనా ఉంటే మాస్టారికివ్వండి ఫోను.”

మా ఆయన చెయ్యి చాపి నిలబడి ఉన్నారు, ఇవ్వమన్నట్టు. ఆయన గొంతుకైతే అవతలివాళ్ళు నమ్ముతారు. ఆయన తీసుకుంటే, ఏమీ లేదండీ, తర్వాత ఒకసారి తీసుకురండి అంటారు.

“మాస్టారికి తెలీదండీ,” అన్నాను. “కొలిచేది నేను. ముందు బండి పక్కకు తీసి ఆపండి, పిల్లల్ని దించండి. తర్వాత నాతో మాట్లాడండి.”